నెమాటిసిటీ కొలవబోయే ముందు

అమ్మాయ్,

ఐరన్ సూపర్‌కండక్టర్ల (ఇనుము ఉండి, బాగా చల్లబడితే రెసిస్టెన్స్ లేకుండా కరెంట్ పోనిచ్చే పదార్థాల) మీద నెమాటిసిటీ పని, అంటే ఎలక్ట్రాన్లు రెండు సమానమైన దిక్కుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం గురించిన పని, మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నా.

ముందు ఇది అర్థం చేసుకో. బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌ని చల్లబరుస్తూ పోతే 140 కెల్విన్ దగ్గర్లో దాని పరమాణువుల అమరికలోని చతురస్రం కాస్త సాగి దీర్ఘచతురస్రం అవుతుంది, రెండు వైపుల పొడవుల్లో తేడా ఒక శాతం కూడా ఉండదు, కానీ కొద్దిగా కోబాల్ట్ కలిపిన క్రిస్టల్‌లో పొట్టి దిక్కు రెసిస్టెన్స్ పొడుగు దిక్కు కంటే దాదాపు రెట్టింపు దాకా పోతుంది. అంత చిన్న సాగుడుకి ఇంత తేడానా? ఎలక్ట్రాన్లే ముందు దిక్కు ఎంచుకున్నాయేమో అనిపించేది అక్కడే. కానీ రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఎవరు ఎవర్ని లాగుతున్నారో ట్రాన్సిషన్ (ఈ మార్పు వచ్చే ఉష్ణోగ్రత) కింద కూర్చుని తేల్చలేవు. అందుకే దానికి పై ఉష్ణోగ్రతల్లో కొలిచి చూడు. క్రిస్టల్‌ని పీజో (వోల్టేజ్ ఇస్తే సాగే ముక్క) మీద అతికించి కొంచెం కొంచెం స్ట్రెయిన్ (సాగదీత) ఇస్తూ రెసిస్టెన్స్ ఎంత మారుతుందో చూడు, చల్లబడేకొద్దీ ఆ స్పందన క్యూరీ-వీస్ నియమం లాగా, అంటే ఒక ఉష్ణోగ్రతకి దగ్గరయ్యేకొద్దీ అంతకంతకూ వేగంగా, పెరిగిపోతుంది. ఇచ్చిన స్ట్రెయిన్ అంతే ఉన్నా స్పందన పెరుగుతుందంటే ఆ తపన ఎలక్ట్రాన్లదే. 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చూపించింది ఇదే, నాకు ఇప్పటికీ చాలా అందంగా అనిపించే ప్రయోగం.

ఇక చేత్తో చేసే పని. నేను మొదట్లో క్రిస్టల్ అంచు వెంబడే కోసి కరెంట్ పంపాను, మూడు వారాలు సిగ్నల్ దాదాపు సున్నా, పీజో పాడైందనుకుని మార్చాను కూడా. తీరా చూస్తే ఈ తేడా కనిపించే ఐరన్-ఐరన్ దిక్కు (పక్కపక్క ఇనుము పరమాణువుల్ని కలిపే గీత) ఆ అంచుకి 45 డిగ్రీల వాలులో ఉంది. లావే ఫోటో (క్రిస్టల్ దిక్కులు చూపించే ఎక్స్-రే చిత్రం) తీయకుండా బ్లేడ్ పట్టుకోకు. సాగుడు కొలిచే స్ట్రెయిన్ గేజ్ పీజో వెనక వైపు అతికించు, వోల్టేజ్ చూసి స్ట్రెయిన్ ఊహించేసుకోవద్దు, చలిలో పీజో సాగడం బాగా తగ్గిపోతుంది. ట్రాన్సిషన్ కింద కూడా కొలవాలనుకుంటే ముందు ట్విన్ డొమైన్లు (ఒకటి అటు, ఒకటి ఇటు సాగిన ముక్కలు) పోగొట్టాలి, లేకపోతే రెండు దిక్కులూ కలిసిపోయి తేడా మాయమవుతుంది. నొక్కితే అవి పోతాయి, కానీ ఆ నొక్కుడే ట్రాన్సిషన్‌ని కూడా చెదరగొడుతుంది, రాసేటప్పుడు అది దాచకు.

ఇంకో మాట, నాకు ఇదే ముఖ్యం. రెసిస్టెన్స్ తేడానే నెమాటిక్ ఆర్డర్ అనుకోవద్దు. పొటాషియం కలిపిన వైపు వెళ్తే క్రిస్టల్ అదే తీరున సాగినా రెసిస్టెన్స్ తేడా గుర్తు తిరగబడుతుంది, ఎందుకంటే స్కాటరింగ్ (ఎలక్ట్రాన్లు దేన్నో ఢీకొని చెదరడం), ఫెర్మీ సర్ఫేస్ (కరెంట్ మోసే ఎలక్ట్రాన్ల శక్తి హద్దు) మధ్యలో దూరతాయి. దానికి తోడు హుండ్ కప్లింగ్ (ఒకే పరమాణువులోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లని ఒకే వైపు తిప్పే బలం) వల్ల ఇనుములో ఎలక్ట్రాన్లు ఉండే ఒక్కో ఆర్బిటల్ ఒక్కోలా బరువెక్కుతుంది, డీ-ఎక్స్‌వై ఎక్కువగా, డీ-ఎక్స్‌జెడ్, డీ-వైజెడ్ తక్కువగా. ఈ కోరిలేషన్ల (ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడం) సంగతి పక్కన పెట్టి, ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరుగుతున్నాయనుకునే మామూలు బ్యాండ్ లెక్కతో నీ కర్వ్‌ని సరిపెట్టాలని చూస్తే సరిపోయినట్టే కనిపించి మోసం చేస్తుంది.

అలాగే నెమాటిసిటీకి కారణం అంతా మాగ్నెటిజమే అని ఇప్పుడే పక్షం తీసుకోకు. ఐరన్ సెలెనైడ్ 90 కెల్విన్ దగ్గరే నెమాటిక్ అవుతుంది, మామూలు ఒత్తిడిలో మాగ్నెటిక్ ఆర్డర్ అసలు రాదు, 9 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అయిపోతుంది. రెండు మెటీరియల్సూ పక్కపక్కన కొలిచి చూడు.

మొదటి లావే ఫోటో తీయగానే నాకు పంపు, కోయకముందే చూద్దాం.