కంప్యూటర్ టీచరుగా చేరిన మేనకోడలికి

అమ్మాయ్,

నువ్వు రాసింది చదివాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఎక్సెల్ చెప్పమన్నారు, హోమ్ ట్యాబ్ నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోతే ఏడాదికి సరిపోతుందా మామయ్యా అని అడిగావు. ఏడాది గడవడానికి సరిపోతుంది. పిల్లలకి మాత్రం ఏమీ రాదు. ఏ మెనూలో ఏముందో నోట్సు రాయిస్తే పరీక్షకి బట్టీ పడతారు, వేసవి సెలవులకి మర్చిపోతారు. పైగా మీ ల్యాబులో ఉన్నది ఎక్సెల్ కాదు, అలాంటిదే ఇంకో ప్రోగ్రాం లిబ్రేఆఫీస్ అన్నావు. ఎక్సెల్ బొమ్మలున్న గైడు పట్టుకుని దాని ముందు కూర్చుంటే సగం బటన్లు కనపడనే కనపడవు. ప్రోగ్రాం ఏదైనా పిల్లాడికి రావాల్సినవి మూడు: గడిలో ఏం పెట్టాలి, దాన్నుంచి ఏం రాబట్టాలి, వచ్చిన జవాబు నమ్మొచ్చా లేదా. అందరూ రెండోదాని మీద పడతారు. నన్నడిగితే మొదటిదానికీ మూడోదానికీ ఎక్కువ పీరియడ్లు ఇవ్వు.

మొదటి వారం కంప్యూటర్ల జోలికి వెళ్లకు. బోర్డు మీద గళ్లు గియ్. పైన ఎ, బి, సి, డి. పక్కన 1, 2, 3. పిల్లల చేత లాంగ్ నోట్‌బుక్‌లో అవే గళ్లు గీయించు. పాలు, కూరగాయలు, బస్సు ఛార్జీలు, ఇంట్లో వారం ఖర్చు ఏదైనా సరే నింపించి, అడ్డంగా నిలువుగా కూడికలు వేయించు. అంతా అయ్యాక పాల ప్యాకెట్ రెండు రూపాయలు పెరిగిందని చెప్పు. గొణుక్కుంటూ చెరపడం మొదలుపెడతారు. 1979లో వచ్చిన విజికాల్క్ అనే గళ్ల లెక్కల ప్రోగ్రాం పుట్టింది ఆ చిరాకులోంచే. డాన్ బ్రిక్లిన్ హార్వర్డ్‌లో బిజినెస్ చదివే రోజుల్లో, బోర్డు మీద ఒక అంకె మారితే దానితో ముడిపడ్డ గళ్లన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చూశాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆ చాకిరీ ఆపిల్ టూ కంప్యూటర్‌కి అప్పగించాడు. ఈ కథ ముందే చెబితే పిల్లలు ఆవలిస్తారు, చెరిపాక చెప్పు.

ఇక గళ్లు నింపడం. ఒక అడ్డ వరసలో ఒక మనిషో ఒక వస్తువో, ఒక నిలువు వరసలో ఒకే రకం సంగతి. ఇంతే సూత్రం, కానీ పిల్లల చేతికి రావడానికి నెల పడుతుంది. ఒకడు ‘40’ అని కొడతాడు, పక్కవాడు ‘40 కేజీలు’ అని కొడతాడు. రెండోది కంప్యూటర్ లెక్కన అంకె కాదు, మాట. దాన్ని రేటుతో హెచ్చవేయబోతే తప్పు చూపిస్తుంది, అది నయం. సమ్ ఫార్ములా అలా కాదు, నోరు మెదపకుండా దాన్ని వదిలేసి మిగతావి కూడేస్తుంది. మొత్తం తక్కువొచ్చిందని ఎవడికీ తెలియదు. దీనికో గుర్తుంది: అంకెలు గడిలో కుడివైపు ఒదుగుతాయి, మాటలు ఎడమవైపు. షీట్ తెరవగానే ముందు అది చూడటం అలవాటు చెయ్యి.

పేర్ల సంగతి ఇంకా అన్యాయం. ‘కె. లక్ష్మి’, ‘లక్ష్మి కె’, ‘లక్ష్మీ’, చివర ఒక ఖాళీ జాగాతో ‘లక్ష్మి ’. మనకి ఒక్క పిల్ల, కంప్యూటర్‌కి నలుగురు. క్లాసులో ముప్పై మంది చేత తమ ఊరి పేరు టైపు చేయించి, ‘గుంటూరు’ ఎన్నిసార్లుందో లెక్కపెట్టమను. గుంటూర్, గుంటూరు, గుంటూరు టౌన్ అన్నీ వస్తాయి. ఆ ఒక్క పీరియడు చాలు, ఆ తర్వాత నువ్వు చెప్పక్కర్లేదు. తెలుగు టైపింగ్ యూనికోడ్‌లోనే చేయించు. ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లతో కొట్టినవి చూడ్డానికి తెలుగే కానీ లోపల ఉండేవి వేరే అక్షరాలు, అక్షర క్రమంలో పెడితే వరస చెడిపోతుంది.

ఫార్ములాలకి మన మిర్చి యార్డుని మించిన పాఠం లేదు. మీ స్కూల్లో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఉన్నారన్నావుగా, ఎవరింట్లోనైనా కమీషన్ కొట్టు వాళ్లిచ్చిన లెక్క చీటీ ఉంటుంది. పేరు కొట్టేసి పట్రమ్మను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఒక గడి, టిక్కీ బరువు ఒక గడి, క్వింటా రేటు ఒక గడి. 20 టిక్కీలు, ఒక్కోటి 40 కేజీలు, క్వింటా 12,000 అనుకో. బరువుని రేటుతో హెచ్చవేయమంటే క్లాసులో సగం మంది 96 లక్షలు తెస్తారు. కేజీల్ని వందతో భాగించి క్వింటాళ్లు చేయాలని తట్టదు. పట్నం పిల్లలు ఆ 96 లక్షల్ని అలాగే నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటారు. తోట ఉన్నింటి పిల్ల మాత్రం ఫక్కున నవ్వుతుంది. అక్కడ ఆగు. ఎందుకు నవ్వావో చెప్పమ్మా అని ఆ పిల్లనే నిలబెట్టు. ఆ తర్వాత ఏ లెక్కకైనా ఎంటర్ కొట్టేముందు, జవాబు వేలల్లో ఉంటుందా లక్షల్లో ఉంటుందా నోటితో చెప్పించు. కామాలు 9,600,000 అని పడుతుంటే విండోస్ రీజియన్ సెట్టింగ్‌లో ఇండియా పెట్టు. లక్షల్లో చూస్తేనే మన పిల్లలకి తప్పు కంటపడుతుంది.

డాలర్ గుర్తు కూడా ఇదే చీటీ మీద చెప్పెయ్. కమీషన్ శాతం ఒక్క గడిలో పెట్టి, ఫార్ములా కిందికి లాగమను. రెండో వరస నుంచి కమీషన్ సున్నా వస్తుంది, ఎందుకంటే శాతం ఉన్న గడి కూడా కిందికి జారిపోయింది. ఫార్ములాలో ఆ గడి పేరు దగ్గర ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తు పడి, అది జారకుండా ఆగుతుంది. లాగి, చెడి, చూసుకున్నాకే ఎఫ్4 సంగతి చెప్పు.

షరతుని బట్టి జవాబు మార్చే ఇఫ్ ఫార్ములాకి కరెంటు బిల్లు తీసుకో. 2022లో మార్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50. వంద యూనిట్లకి ఎంత అంటే పిల్లలు 4.50తో హెచ్చవేసి 450 అంటారు. అసలు లెక్క 57, 135, 112.50 కలిపి 304.50. ముందు చేత్తో చేయించకుండా ఇఫ్‌లోకి దిగకు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు ఇప్పుడే తేకు, అవి పెద్దవాళ్లకే అంతుపట్టవు.

సగటు చెప్పేటప్పుడు ఖాళీ గడికీ సున్నాకీ తేడా తప్పకుండా చెప్పు. రెండు పరీక్షల్లో 40, 30 వచ్చి మూడోదానికి రాని పిల్లాడికి గడి ఖాళీగా వదిలితే సగటు 35, సున్నా వేస్తే 23.33. ఏది న్యాయం? క్లాసులో కొట్టుకోనివ్వు. అది కంప్యూటర్ తేల్చే సంగతి కాదు. మార్కులు మాత్రం కల్పించినవే వాడు, నిజం మార్కులు తెర మీద వేసి ఎవరి పరువూ తీయకు. ఇంకో మాట. ఆఫీసు వాళ్లు పిల్లల ఆధార్ నంబర్లు ఎక్కించాలి, నీ క్లాసు చేత ప్రాక్టీసుగా చేయించమంటారు. ఒప్పుకోకు. ఆధార్ గురించి చెప్పాలంటే కల్పిత నంబరుతో చెప్పు. ఎక్సెల్‌లో పన్నెండు అంకెలు కొడితే మధ్యలో ‘ఈ’ అక్షరం పెట్టి కుదించి చూపిస్తుంది, గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. 5/6 అని కొడితే తేదీ అయిపోవడం కూడా ఈ జాతి గోలే. దీని దెబ్బకి 2020లో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు, ‘మార్చ్1’ అని కొడితే ఎక్సెల్ మార్చి ఒకటో తారీఖు చేస్తోందని. నీ క్లాసులో బయాలజీ ఇష్టమైన పిల్లలు దీన్ని మర్చిపోరు.

చార్టులు చివర్లో. రంగులు చూశారంటే ఇక అంకెల వైపు తిరగరు. వానాకాలంలో అయితే ప్రకాశం బ్యారేజీ నీటి లెక్కలు రోజూ పేపర్లో వస్తాయి, అవి ఎక్కించి గీత గీయించు. మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర, రెండోది 5.69 లక్షల దగ్గర అడ్డగీతలు వేయించు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు దాటిపోయిన రోజు గీత ఎక్కడికి లేచిందో చూస్తారు. అప్పుడు విజయవాడ సింగ్ నగర్ పిల్లలెవరైనా ‘మా ఇల్లు మునిగింది అందుకేనా టీచర్’ అని అడుగుతారు. ఆ షీట్‌లో ఉన్నది కృష్ణ నీళ్లు, సింగ్ నగర్‌ని ముంచింది గండ్లు పడ్డ బుడమేరు వాగు. షీట్‌లో లేని కాలమ్ ఏమిటో పిల్లల చేతే చెప్పించు.

పరీక్ష పేపరు నువ్వే తయారుచేస్తే ప్రశ్నలు ఇవ్వకు, నాలుగైదు తప్పులు దాచిన షీట్ ఇచ్చి పట్టుకోమను. ఒక్క మార్కుల కాలమ్‌నే ఎంచి సార్ట్ చేసి పేర్లకీ మార్కులకీ లంకె తెగ్గొట్టిన షీట్ ఒకటి అందులో తప్పక పెట్టు.

మెషీన్‌కి ముగ్గురేసి కూర్చుంటారు కదా, మౌస్ పట్టినవాడే పట్టుకుంటాడు. పది నిమిషాలకోసారి చేతులు మార్పించు, ఆడపిల్లల చేతికి ముందు ఇప్పించు. యూపీఎస్ బ్యాటరీలు ఎన్నాళ్లవో అడిగి రాయి. ఆ రకం నాకు తెలిసిన కొట్టులో చవగ్గా దొరుకుతాయి.

నీ మామయ్య
గుంటూరు