బడిలో తోటిపిల్లల వేధింపులను ఆపడానికి వర్చువల్ రియాలిటీ (కంప్యూటరు సృష్టించే కల్పిత లోకం) కథలు ఉపయోగపడతాయా?

ఉపయోగపడతాయి, అయితే కథలో పిల్లవాడు చేయవలసిన పని కూడా ఉండాలి. బ్రిటన్, జర్మనీ పాఠశాలల్లో పరీక్షించిన ‘ఫియర్‌నాట్’ అనే కంప్యూటరు కార్యక్రమం ఇందుకు మంచి ఉదాహరణ. కంప్యూటరు తెరపై కనిపించే కల్పిత పాఠశాలలో లూక్ అనే పిల్లవాడు జాన్ పుస్తకాలను బల్ల మీది నుంచి కిందికి తోసేస్తాడు. ఆ తరువాత ఒంటరిగా మిగిలిన జాన్, ఇప్పుడేం చేయాలో చెప్పమని చూస్తున్న పిల్లవాడినే అడుగుతాడు, వాడు తనకు తోచిన సలహాను టైపు చేస్తాడు. ఆ సలహా పారకపోవచ్చు; తిరగబడమంటే జాన్ మళ్లీ దెబ్బతినవచ్చు. ఒకే ఉపాయం అన్నివేళలా పనిచేయదని దాచకుండా చూపడమే ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

దీనిపై 2010లో వెలువడిన అధ్యయనంలో వెయ్యిమందికి పైగా పిల్లలు పాల్గొన్నారు. అప్పటికే వేధింపులకు గురవుతున్నవారు వాటి నుంచి బయటపడే అవకాశం ఈ కార్యక్రమం వాడిన బడుల్లో ఎక్కువగా కనిపించినా, కొన్ని వారాలకే ఆ తేడా తగ్గిపోయింది. తలకు ధరించే హెడ్‌సెట్లతో అమెరికాలో జరిపిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు తోటివారిపట్ల సహానుభూతి పెరిగింది గానీ, ఆన్‌లైన్ వేధింపులు తగ్గలేదు. అందువల్ల కథ చూపడం ఒక్కటే చాలదు; హెడ్‌సెట్ తీసిన వెంటనే పిల్లలు తాము చూసినదాని గురించి ఉపాధ్యాయులతో మాట్లాడుకునే సమయం తప్పక ఉండాలి, ఎందుకంటే వేధింపును నిజంగా అనుభవిస్తున్న పిల్లవాడిని ఆ దృశ్యం మరింత కలవరపెట్టవచ్చు.