కూల్‌డ్రింక్‌కి "కూలింగ్ చార్జీ" అడిగితే ఇవ్వాలా?

ఇవ్వక్కర్లేదు, సీసా మీద అచ్చయిన ఎమ్మార్పీ దాటి దుకాణంలో ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల (ప్యాక్ చేసి అమ్మే సరుకుల తూనికలు కొలతల నిబంధనల) ప్రకారం ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఫ్రిజ్ కరెంటు ఖర్చు దుకాణదారు తన లాభంలోంచి పెట్టుకోవాల్సిందే.

రావులపాలెం బస్టాండు దగ్గర 20 రూపాయల సీసాకి 25 అడిగారనుకోండి. బిల్లు అడగండి. ఇవ్వకపోతే (చాలాచోట్ల ఇవ్వరు) లేబుల్ ఫోటో, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఎమ్మార్పీ మీద జీఎస్టీ విడిగా పడుతుందని చాలామంది పొరబడతారు. బిల్లులో కనిపించే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ కలిపినా మొత్తం ఎమ్మార్పీ దాటకూడదు. హోటల్లో కూర్చుని తాగితే మాత్రం లెక్క వేరు: అక్కడ సర్వీసు కూడా ఉంటుంది కాబట్టి ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.