డ్రిల్లని ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

విమానాశ్రయం సంగతులు: మీ ప్రశ్నలు, నా జవాబులు
(జవాబులిస్తున్నది ఎయిర్‌పోర్టులకు కాపలా కాసే కేంద్ర దళం సీఐఎస్ఎఫ్‌లో డ్యూటీలు చేసి, సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మహిళ)

ప్రశ్న: మేడమ్‌గారూ, అమ్మను తీసుకుని ఢిల్లీ వెళ్దామని ఎయిర్‌పోర్టుకొచ్చాం. కూర్చున్న కాసేపటికే తుపాకులు పట్టుకుని జవాన్లు పరుగెత్తుకొచ్చారు. మా పక్క వరుస కుర్చీలు ఖాళీ చేయించి తాడు కట్టారు, కుక్కను తెచ్చారు. అంతా అయ్యాక 'మాక్ డ్రిల్' అన్నారు. అమ్మకు బీపీ ఉంది. ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?
– బ్యాంకు ఉద్యోగిని, రాజమండ్రి

జవాబు: అమ్మగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారనుకుంటాను. మీ కోపంలో సగానికి నేనూ వంత పాడతాను. ముందు మిగతా సగం సంగతి వినండి.

విమానం కూలినట్టు, మంటలు లేచినట్టు చేసే పెద్ద డ్రిల్లు వేరే ఉంది. రెండేళ్లలోపు ఒకసారైనా దాన్ని జరపాలని అంతర్జాతీయ నిబంధన. ఫైరింజన్లు, అంబులెన్సులు, ఊళ్లో ఆసుపత్రులు అన్నీ కలిసి చేస్తాయి కాబట్టి ఆ కబురు దాగదు. మీరు చూసింది దిక్కులేని బ్యాగు డ్రిల్లు. డమ్మీ బ్యాగు ఒకటి తెచ్చి కుర్చీ కింద పెట్టి పోతారు. అది ఎంతసేపటికి ఎవరి కంట పడింది, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, బాంబ్ స్క్వాడ్ ఎన్ని నిమిషాలకు వచ్చింది అని గడియారం పెట్టి చూస్తారు. ముందే మైకులో చెప్పేస్తే అందరి చూపూ కుర్చీల కిందే ఉంటుంది. ఇక పరీక్షేముంది? ఒకరిద్దరు పెద్దాఫీసర్లకు తప్ప మాకూ తెలియనివ్వరు. మా షిఫ్టులో ఒకసారి డమ్మీని మొదట పట్టింది యూనిఫాంలో ఉన్న మేమెవరమూ కాదు, నేల తుడిచే హౌస్‌కీపింగ్ అమ్మాయి. "మేడమ్, ఈ సంచి ఇందాకా ఉంది, ఇప్పుడూ ఉంది" అంది. అంతకు మించిన సెక్యూరిటీ ట్రైనింగ్ నేను ఎవరికీ ఇవ్వలేను.

ఇంత తతంగం ఎందుకంటారా? 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేశారు. అది అమృత్‌సర్‌లో దిగింది. ముప్పావు గంట పైనే మన నేల మీద ఉంది. ఎవరేం చేయాలో తేలేలోగా ఎగిరిపోయింది. చివరికి అఫ్ఘానిస్థాన్‌లోని కాందహార్‌లో తేలింది. హైజాక్ డ్రిల్లు పెట్టినప్పుడల్లా, అలాంటప్పుడు ఏం చేయాలో తేల్చాల్సిన ఎయిర్‌పోర్టు కమిటీ వాళ్లను కూర్చోబెట్టి, కాగితం మీదున్న ఫోన్ నంబర్లు నిజంగా మోగుతాయా లేదా అని చూసేది ఇందుకే. అంతకుముందు ఎయిర్‌పోర్టుల కాపలా రాష్ట్రాల పోలీసులది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి మా దళానికి అప్పగించారు.

ఇక మీ కోపంలో న్యాయమైన సగం. తాడు కట్టాక దాచడానికేమీ మిగలదు. అప్పుడైనా ఒక మనిషి దగ్గరికొచ్చి, "భయం లేదమ్మా, ఇది ప్రాక్టీసు" అని తెలుగులో చెప్పాలి. చుట్టూ బూట్ల చప్పుడు, మైకులో హిందీ, ఇంగ్లిషు! పెద్దావిడకు బీపీ పెరగక ఏమవుతుంది? ఇది కంప్లయింటు రాయాల్సిన విషయమే. ఎయిర్‌పోర్టు డైరెక్టర్ పేరు మీద రాయండి.

ప్రశ్న: ఎక్స్‌రే తెర ముందు కూర్చున్నాయన ఆవలిస్తున్నాడు. బ్యాగులేమో చకచకా పోతూనే ఉన్నాయి. ఆయన నిజంగా చూస్తున్నట్టేనా?
– రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు: తెల్లవారుజాము డ్యూటీలో ఆవలింతలు రాకుండా ఉండవు మాస్టారూ. కానీ ఆయన్ని ఆ మెషీనే కనిపెట్టుకుని ఉంటుంది. 'టిప్' అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మీ బ్యాగు బొమ్మ తెర మీదికి రాగానే, అందులో లేని కత్తినో తుపాకినో కంప్యూటరే అతికిస్తుంది. ఆయన గుర్తుపట్టి బటన్ నొక్కితే సరే. నొక్కకపోతే వదిలేశాడని రికార్డులో పడుతుంది. ఎప్పుడు వస్తుందో ఆయనకీ తెలియదు. మీ బ్యాగు దగ్గర బెల్టు ఆగి, మిమ్మల్ని ఏమీ అడక్కుండానే మళ్లీ కదిలిందంటే, అప్పుడు పరీక్ష రాసింది ఆయనే కావచ్చు. కళ్లు అలిసిపోతాయని 20 నిమిషాలకోసారి ఆ కుర్చీలో మనిషిని మారుస్తారు కూడా.

ప్రశ్న: మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటితే మోగనే లేదు. అయినా తెర చాటుకు తీసుకెళ్లి చీర కుచ్చిళ్ల దాకా తడిమారు. చాలా అవమానంగా అనిపించింది.
– గృహిణి, తెనాలి

జవాబు: ఆ తెర వెనక నా సర్వీసులో చాలా భాగం గడిచింది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ గుమ్మానికి లోహం తప్ప ఇంకేమీ తెలియదు. పేలుడు పదార్థం లోహం కాదు. అందుకే మన దేశంలో మోగినా మోగకపోయినా చేత్తో చూస్తారు. మీ మీద అనుమానంతో కాదు.

చీరలో ఎన్ని దాగుతాయో చీర కట్టేవాళ్లకు నేను చెప్పాలా? బొడ్లో తాళాల గుత్తి, జాకెట్లో చిల్లర పర్సు, కొంగు చివర ముడేసిన ఉంగరం, కుచ్చిళ్లకు వరసగా పిన్నీసులు. చేతిలోని పరికరం 'కుయ్' అన్నప్పుడల్లా అదేమిటో చూడందే వదలకూడదు. తాళాలు, పర్సు, ఫోను ముందే ట్రేలో వేస్తే పని క్షణంలో అయిపోతుంది. మంగళసూత్రం తీయమని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. మీరూ తీయక్కర్లేదు. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే కార్డు చూపించి, పరికరం ఛాతీ మీద ఆనించొద్దని, చేత్తో చూడమని అడగండి.

ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలి, తెర పూర్తిగా వేసి ఉండాలి. అందులో రాజీ లేదు. 'చేతులెత్తు, తిరుగు' అని ఏకవచనంలో అదిలించే పిల్లలున్నారు, తెలుసు. ఎంత రద్దీ ఉన్నా అది తప్పే. ఛాతీ మీద నేమ్ ప్లేటు ఉంటుంది, పేరు చదివి పై ఆఫీసర్‌కు చెప్పండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న చెల్లి కోసం అమ్మ పట్టిన ఆవకాయ హ్యాండ్ బ్యాగులోంచి తీయించారు. ఇంతకీ ఆ సీసాలన్నీ మీరే తినేస్తారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: తినం బాబూ. రిజిస్టర్‌లో రాసి పారేయిస్తారు. వాసన మాత్రం షిఫ్టయ్యేదాకా పోదు. మే, జూన్ నెలల్లో ఆ బల్ల దగ్గర నిలబడటం ఒక శిక్ష.

2006 ఆగస్టులో లండన్‌లో ఒక కుట్ర బయటపడింది. కూల్‌డ్రింకు సీసాల్లో ద్రవ పేలుడు పదార్థం పెట్టి అమెరికా వెళ్లే విమానాలను పేల్చాలనుకున్నారు. అప్పటినుంచే అంతర్జాతీయ ప్రయాణాల్లో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదన్న రూలు వచ్చింది. ఆవకాయకు ఊట ఉంది, నూనె ఉంది, ఎవరి దృష్టిలోనైనా అది ద్రవమే. సున్నుండలు తీసుకెళ్లొచ్చు గానీ డబ్బా తెరిపిస్తారు. తెర మీద తిండి పదార్థాలన్నీ నారింజ రంగులో కనిపిస్తాయి, పేలుడు పదార్థాలదీ అదే రంగు. అమెరికా ఫ్లైటుకైతే 350 మిల్లీలీటర్లు దాటిన పొడి డబ్బా చేతిలో ఉన్నా ఆపుతారు. కారప్పొడి, కందిపొడి, పచ్చడి అన్నీ గట్టిగా సీలు వేయించి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. ఎండుకొబ్బరి మాత్రం అందులోనూ వద్దు. దానిలో నూనె ఎక్కువ, నిప్పు తొందరగా అంటుకుంటుంది. మామూలు కొబ్బరికాయ కూడా చేతి సంచిలోకి రానివ్వరు. 2024లో శబరిమల సీజన్‌కు అయ్యప్ప స్వాముల ఇరుముడి వరకు మినహాయింపు ఇచ్చారు, అదీ పూర్తిగా తనిఖీ చేశాకే.

ప్రశ్న: నా చేతులకు గుడ్డముక్క రాసి మెషీన్‌లో పెట్టారు. అది మోగింది. గంటసేపు నిలబెట్టారు. నేనేం చేశాను?
– పత్తి రైతు, వరంగల్ దగ్గర

జవాబు: బయల్దేరే ముందు చేనుకు ఎరువు చల్లి వచ్చారా అన్నా? నైట్రేట్ ఎరువులు, గుండెజబ్బుకు వాడే కొన్ని మందులు ఆ మెషీన్‌కు పేలుడు పదార్థంలాగే తగలొచ్చు. ఆ మాటే చెబితే మళ్లీ చూసి వదులుతారు. ఎరువు పట్టిన బట్టలు, చెప్పులతో ప్రయాణం పెట్టుకోకండి, చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి.

ప్రశ్న: ఒకసారి తనిఖీ అయ్యాక విమానం ఎక్కబోతుంటే మళ్లీ బ్యాగు తెరవమన్నారు. విసుగొచ్చి "నా దగ్గర బాంబుందా ఏంటి?" అన్నాను. పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టారు, ఫ్లైటు పోయింది. టికెట్ డబ్బులు ఎవరిస్తారు?
– వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: అది లాడర్ పాయింట్ చెక్. జనవరి 26, ఆగస్టు 15 దగ్గర పడితే పెడతారు. పహల్గాం దాడి తర్వాత, 2025 మేలో అన్ని విమానాలకూ పెట్టారు. ఆ రోజుల్లో మూడు గంటల ముందు రమ్మని ఎయిర్‌లైన్సే చెప్పాయి. ఒకసారి చూసిన బ్యాగునే మళ్లీ చూడటం మీకెంత చిరాకో, ఎండలో మెట్ల కింద నిలబడి చూసేవాళ్లకూ అంతే చిరాకు.

ఇక మీరన్న మాట. 2024 అక్టోబరులో వారాల తరబడి విమానాలకు ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వచ్చాయి. అన్నీ అబద్ధాలే, అయినా ప్రతి ఒక్కటీ విచారించాల్సి వచ్చింది. ఆ పదం చెవిన పడ్డాక 'పోనీలే, పెద్దమనిషి విసుగులో అన్నాడు' అని వదిలేసే అధికారం జవానుకు లేదు. పైవాళ్లకు చెప్పకపోతే అతని ఉద్యోగానికే ఎసరు. కేసు పెట్టకుండా పంపేశారంటే మీ మాటను బాగా అర్థం చేసుకున్నారనే లెక్క. టికెట్ డబ్బులు మా శాఖ ఇవ్వదు, ఎయిర్‌లైన్ దాన్ని 'నో షో' (ప్రయాణికుడు రాలేదు) కింద రాసేస్తుంది. టికెట్‌లో కట్టిన యూజర్ ఫీజు, పన్నులు మాత్రం అడగండి. అవి వెనక్కి వస్తాయి.