మడ అడవుల చదువుతో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మాది కోనసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. రొయ్యల చెరువులు చేస్తాను. మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌కి వెళ్లమంటే వద్దంటోంది. తుపాన్ల నుంచి, కోత నుంచి తీరాన్ని కాపాడేలా మడ అడవులు (పోటు నీటి బురదలో పెరిగే చెట్లు) పెంచే పని చేస్తానని, దానికి తగ్గ చదువు చదువుతానని పట్టుబడుతోంది. మొక్కలు నాటడానికి డిగ్రీ ఎందుకు? ఇందులో ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీ అమ్మాయి చేస్తానంటున్నది మొక్కలు నాటే పని కాదు. ముందు ఈ మాట చెప్పాలి. ఎందుకంటే అది ఉత్త మొక్కలు నాటడమే అనుకోవడం వల్ల చాలా దేశాల్లో డబ్బు, మొక్కలు రెండూ వృథా అయ్యాయి. ఆటుపోట్ల లెక్క చూడకుండా బురదలో గుచ్చిన మడ మొక్క బతకదు.

మీకు దగ్గరి ఉదాహరణే తీసుకోండి. కాకినాడ దగ్గరి కోరింగలోనూ, కృష్ణా డెల్టాలోనూ ఒకప్పుడు అడవి నరికేసిన చోట నేల కుంగి పళ్లెంలా తయారైంది. పోటు నీరు లోపలికి వచ్చి బయటికి పోలేక అక్కడే ఎండి, మట్టిలో ఉప్పు విపరీతంగా పేరుకుంది. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ, ఊరి జనం కలిసి అక్కడ చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్నవి. నీరు రోజూ వచ్చిపోవడం మొదలయ్యాక ఉప్పు తగ్గింది, ఆ తర్వాతే మొక్కలు నిలిచాయి. కాలువ ఎంత లోతు ఉండాలి, పోటు ఏ మట్టానికి వస్తుంది, మడ జాతుల్లో తెల్ల మడ ఎక్కడ వేయాలి, ఉప్పు పొన్న ఎక్కడ వేయాలి, కాపలాకి ఊరివాళ్లు ఎందుకు ఒప్పుకోవాలి అన్నవి తేల్చడానికే చదువు కావాలి.

ఇంకో సంగతి. మడ అడవి అన్ని చోట్లా పనికొచ్చే మందు కాదు. అలలు నేరుగా విరుచుకుపడే ఉప్పాడ లాంటి చోట అది పెరగదు. అక్కడ జియో ట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులు) వేశారు, అవి దెబ్బతిన్నాయి; రాళ్లు పోశారు, కోత మాత్రం ఆగలేదు. ఇసుక దిబ్బలు తవ్వకుండా కాపాడటం, వాటిని పట్టి ఉంచే తీగల్ని పెంచడం కొన్ని చోట్ల మేలు. సరుగుడు తోటలు గాలిని ఆపుతాయి, కానీ మరీ ఒడ్డు దాకా వేస్తే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక పోతుంది. పైన కట్టిన ఆనకట్టల వల్ల గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు తగ్గిపోయిందన్నది అన్నిటికన్నా పెద్ద సమస్య. డెల్టా బతికేదే ఒండ్రు మీద. ఓ పక్క సముద్ర మట్టం పెరుగుతుంటే, ఇంకో పక్క నేలకి మేత తగ్గిపోయింది. ఏ చోటికి ఏది పనికొస్తుందో లెక్కతో చెప్పగలిగే మనుషులు మన తీరంలో తక్కువ. మీ అమ్మాయికి అవకాశం ఉన్నది అక్కడే.

లెక్క అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ మరణాల మీద సౌదామిని దాస్ అనే ఆర్థికవేత్త, జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కేంద్రపడా ప్రాంతంలో మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువని తేలింది. ముందస్తు హెచ్చరిక అంతకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా అందులోనే ఉంది. అడవి మీద ప్రేమతో రెండో మాటను దాచలేదు. ఈ రంగంలో నాకు నచ్చే నిజాయితీ అదే. అమ్మాయిని అది చదవమనండి.

ఇక కోర్సులు. బైపీసీతో రెండు దారులు నాకు గట్టిగా కనిపిస్తున్నాయి. మొదటిది బోటనీ గానీ జువాలజీ గానీ మెయిన్‌గా డిగ్రీ, ఆపైన పీజీ. పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ), తమిళనాడులో మడ అడవుల పరిశోధనకు పేరున్న పరంగిపేట్టై కేంద్రం (అన్నామలై యూనివర్సిటీ) చూడవచ్చు. బోటనీ, జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు. రెండోది బీఎఫ్‌ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకం మీద డిగ్రీ), నెల్లూరు జిల్లా ముత్తుకూరు లాంటి ఫిషరీస్ కాలేజీల్లో. మీ ఇంటి నేపథ్యానికి ఇది దగ్గర, ఉద్యోగానికీ కాస్త భద్రత. నన్నడిగితే మొదటి దారే ఆమె కోరికకు సూటిగా వెళ్తుంది. ఏది ఎంచుకున్నా జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులతో విశ్లేషణ), స్టాటిస్టిక్స్ తప్పనిసరి. దానికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ సంస్థ) వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు పెడతారు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి.

ఉద్యోగాల గురించి తియ్యటి మాటలు చెప్పను. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), చెన్నైలో ఎన్‌సీఎస్‌సీఎం (తీర నిర్వహణ కేంద్రం), విశాఖలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం లాంటి సంస్థలున్నాయి గానీ, మొదట్లో దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. అవి రెండు మూడేళ్ల కాంట్రాక్టులు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవుల కోసం మిష్టీ పథకం ప్రకటించారు. గ్రీన్ క్లైమేట్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి సాయంతో ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్ర తీరాల్లో ఇంకో ప్రాజెక్టు చేపట్టారు. డబ్బు వస్తోంది, కానీ పర్మనెంట్ పోస్టులు అంత వేగంగా రావడం లేదు. అందుకే పీజీ అయ్యేలోపు నెట్ జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొట్టాలన్నది నా పట్టుదల. 2023లో దాన్ని నెలకు 37,000 రూపాయలు చేశారు. పెళ్లి, ఇల్లు లాంటి ఖర్చులకు 22 ఏళ్లకే ఆమె జీతం మీద ఆధారపడాల్సిన పరిస్థితి మీ ఇంట్లో ఉంటే, బీఎఫ్‌ఎస్సీ వైపు మొగ్గండి.

ఒక మాట మొహమాటం లేకుండా చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. మన తీరంలో మడ అడవి తగ్గడానికి రొయ్యల చెరువులూ ఒక కారణం. మీ అమ్మాయికి ఈ విషయం తెలిసే ఉంటుంది. మీ ముందు అనడానికి సంకోచిస్తుండవచ్చు. మీరే ఎత్తండి. మడ మొక్కలు పెంచుతూ చేపలు, పీతలు కూడా పెంచే చెరువుల పద్ధతి తూర్పు తీరంలో ప్రయత్నించి చూశారు. రైతుకి గిట్టుబాటు అవుతుందా అని మీరు అడిగే ప్రశ్న, ఆమె రేపు చేయబోయే పరిశోధనకి పనికొచ్చే ప్రశ్న.

కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఆమెను కోరింగ అభయారణ్యానికి తీసుకెళ్లండి. చెక్క వంతెన మీద ఫొటోలతో సరిపెట్టకుండా, అక్కడి ఫారెస్ట్ సిబ్బందిని, కాలువల్లో పీతలు పట్టేవాళ్లని అడిగి మాట్లాడనివ్వండి. బురదలో రెండు గంటలు నిలబడ్డాక కూడా అదే కోర్సు కావాలంటే, లాంగ్ టర్మ్ ఫీజు కట్టకండి. ఆ డబ్బు ఆమె డిగ్రీకి, ఒక మంచి ల్యాప్‌టాప్‌కి వాడండి.