ముందు ఎదురుగాలికి తొక్కు

చిరంజీవి తల్లికి మావయ్య ఆశీస్సులు.

ఆదివారం అందరూ కలిసి సముద్రం పక్కనున్న లగూన్‌లో పెడల్ బోటు ఎక్కుదామనుకుంటున్నారని, మీ అమ్మ కూడా వస్తానందని నువ్వు ఫోన్‌లో చెప్పగానే నాకు ఎంత సంతోషం వేసిందో! అక్కకి చిన్నప్పటి నుంచీ నీళ్లంటే భయం. మోకాళ్ల లోతు నీళ్లలో దిగడానికి కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. అలాంటి మనిషి సరేనందంటే అది నీ మీద నమ్మకం. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. పాతికేళ్లుగా పిల్లలతోనూ పెద్దవాళ్లతోనూ ఇలాంటి బోట్లు ఎక్కుతూనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది నీకు చెప్పాలనిపించింది.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, ముందు దానికి ఎదురుగా తొక్కండి. తిరిగొచ్చేటప్పుడు గాలివాటున రండి. మిగతావాటిలో ఒకటీ అరా మర్చిపోయినా సర్దుకోవచ్చు గానీ ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఎందుకో చెప్తాను. పెడల్ బోటు అడుగు చదునుగా ఉంటుంది, నీళ్లలోకి పెద్దగా దిగదు. పైన మాత్రం సీట్లు, టాపు, కూర్చున్న మనం, అన్నీ కలిసి తెరచాపలా గాలిని పట్టేస్తాయి. దాన్ని నెట్టేది మన కాళ్లు. మామూలు మనిషి ఆపకుండా గంటసేపు తొక్కితే 75 నుంచి 100 వాట్ల శక్తి వస్తుంది, అంటే పాతకాలం బల్బు ఒకటి వెలిగేంత. ఇద్దరు కలిసి తొక్కినా బోటు మనిషి నడిచేంత వేగంతోనే పోతుంది. గాలి వెనక నుంచి తోస్తున్నంతసేపూ ఈ సంగతి మనకి తెలియదు. కాళ్లలో బలం ఎంత ఉందో వెనక్కి తిరిగినప్పుడే తెలుస్తుంది.

నాకు అలాగే తెలిసింది. మా పెద్దాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మధ్యాహ్నం పూట బోటు తీసుకున్నాం. అవతలి ఒడ్డుకి పావుగంటలో చేరిపోయాం, వాడు చప్పట్లు కొట్టాడు. వెనక్కి తిప్పాక ఎంత తొక్కినా ఒడ్డున ఉన్న చెట్టు ఒకటి కదలకుండా నా పక్కనే నిలబడిపోయింది. తొక్కడం ఆపితే చాలు, చెట్టు ముందుకి జరిగేది, మేం వెనక్కి పోయేవాళ్లం. రేవుకి చేరేసరికి గంట దాటింది. మీ అత్తయ్య కాళ్లు వణుకుతుంటే బోటు దిగలేక అంచు మీదే కూర్చుండిపోయింది. వాడు దాహం దాహం అని ఏడుస్తున్నాడు, తెచ్చుకున్న నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. టికెట్ ఇచ్చినచోట ఒక్కరూ గాలి గురించి మాకు ఒక్క మాట చెప్పలేదు. ఆలస్యానికి అదనపు డబ్బు మాత్రం తీసుకున్నారు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే వాళ్లు చెప్తారులే అని నువ్వు ఊరుకోవద్దు, నువ్వే అడుగు.

గాలి దిక్కు కనిపెట్టడం కష్టమేం కాదు. రేవు దగ్గర జెండా ఉంటే చూడు. లేకపోతే నీళ్ల మీద చిన్న అలలు ఎటు నడుస్తున్నాయో చూడు. ఒడ్డున నిలబడ్డ కొంగలు, బాతులు మామూలుగా గాలికే ముఖం పెట్టి ఉంటాయి, ఎదురుగా వస్తే ఈకలు చెదరవు కాబట్టి. నీళ్ల మీద అక్కడక్కడా అలల కొసలు తెల్లగా విరుగుతూ కనిపిస్తే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టు లెక్క. పడవలవాళ్లకి అది హాయైన గాలే. పెడల్ బోటులో పిల్లలతో వెళ్లేవాళ్లకి మాత్రం కాదు. ఆ పూటకి ఒడ్డునే నడిచి వచ్చేయండి.

లగూన్ అంటే మామూలు చెరువు కాదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకో. సముద్రానికీ దానికీ మధ్య ఇసుక దిబ్బ ఒకటి అడ్డం, అంతే. పొద్దెక్కేకొద్దీ నీటికంటే నేల త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే, దాని చోటులోకి సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తుంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి గరుగ్గా మారడానికి కారణం ఇదే. కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ఎండ నుంచి కూడా కాస్త తప్పించుకోవచ్చు. టాపు ఉంది కదా అనుకుంటాం గానీ నీళ్ల మీద పడి ఎగదన్నే ఎండ కింది నుంచి ముఖానికి తగులుతుంది. పిల్లలకి గడ్డం కింద ముడేసే టోపీలు పెట్టు, గాలికి ఎగిరితే వాళ్లు దాని కోసం వంగుతారు.

సముద్రంతో కలిసే లగూన్ అయితే ఆటుపోట్లు ఉంటాయి. ఆ ముఖద్వారం ఉన్న వైపు వెళ్లొద్దు. అక్కడ నీరు లాగే తీరు మన కాళ్లకి లొంగదు. రేవులో అడిగితే ఎక్కడిదాకా వెళ్లొచ్చో చెప్తారు, నీళ్లలో హద్దు చూపించే తేలే గుర్తులు, బోయలంటారు, అవి కూడా కట్టి ఉంటాయి.

ఇక బోటు సంగతి. మీ చిన్నది హంస బొమ్మ బోటే కావాలని మారాం చేస్తుంది, నాకు తెలుసు. ఆ ముచ్చట ఈనాటిది కాదు. అమెరికాలో బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌లో లగూన్ అని పిలిచే చెరువులో 1877లోనే రాబర్ట్ పాజెట్ అనే ఆయన హంస బోట్లు మొదలుపెట్టాడు. అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. అక్కడైతే హంస బొమ్మలో కూర్చుని నడిపేవాడొక్కడే తొక్కుతాడు, ఎక్కినవాళ్లు బెంచీల మీద హాయిగా కూర్చుంటారు. మీకు ఆ వీలుండదు. మనం తీసుకునేవాటిలో ఆ పొడుగాటి మెడ గాలికి ఇంకా ఎక్కువ దొరుకుతుంది. గాలి అస్సలు లేకపోతే హంస బోటే తీసుకో, దాని ముచ్చట తీరుతుంది. కాస్త గాలి ఉన్నా మామూలు బోటే మంచిది.

ఎక్కేముందు బోటు నీళ్లలో ఎలా నిలబడిందో చూడు. ఖాళీగా ఉన్నప్పుడే ఒక పక్కకి ఒరిగి ఉంటే లోపల ఎక్కడో నీళ్లు చేరాయని అర్థం, వేరేది అడుగు. ఎంతమంది, ఎంత బరువు అన్నది బోటు మీద రాసి ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్లే కదా అని ఆ లెక్క దాటొద్దు. పెడల్ ఒకసారి తిప్పించి చూడు, చుక్కాని హ్యాండిల్ రెండు వైపులా తిరుగుతోందో చూడు. గంట లెక్క టికెట్ ఇచ్చినప్పటి నుంచా, బోటు కదిలినప్పటి నుంచా అన్నది కూడా ముందే తేల్చుకో. అది తెలియకపోతే లోపలున్నంతసేపూ గడియారం చూసుకుంటూ టెన్షన్ పడతావు.

లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం మొహమాటం పడొద్దు. అక్కకి, పిల్లలకి, అల్లుడుగారికి, నీకు, అందరికీ ఉండాలి. ఈత వచ్చినవాళ్లకి కూడా. ఊరికే మెడలో తగిలించుకుంటే పనికిరాదు, బెల్టులన్నీ బిగించాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడు. చెవుల దాకా జరిగితే అది వదులుగా ఉన్నట్టే, నీళ్లలో పడగానే మనిషి కిందకి జారి జాకెట్ పైనే ఉండిపోతుంది. చిన్నదానికి కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టు కూడా ఉండేది అడుగు. కొన్నిటి లోపల లేబుల్ మీద 50, 100 అని అంకె ఉంటుంది. 50 అని ఉన్నవి ఈత వచ్చినవాళ్లకి ఆసరా మాత్రమే. ఈత రానివాళ్లకి కనీసం 100 ఉండాలి, మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం నీటి పైన ఉంచేలా వాటిని తయారుచేస్తారు. గాలి నింపే రబ్బరు రింగులు జాకెట్‌కి బదులు కావు.

అక్కని ఎక్కించేటప్పుడు తొందర పెట్టొద్దు. అల్లుడుగారు ముందు ఎక్కి కూర్చోవాలి. రేవు మనిషి బోటుని గట్టుకి ఆనించి గట్టిగా పట్టుకున్నాక, అక్క రెండు చేతులూ ఇద్దరు పట్టుకుని, బోటు నడిమధ్యలో ఒక కాలు, వెంటనే రెండో కాలు, వెంటనే కూర్చోవడం. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బోటులో పెట్టి ఆలోచిస్తూ నిలబడితే బోటు జరిగిపోతుంది. నీళ్లలో పడేవాళ్లు ఎక్కువగా అక్కడే పడతారు. మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి ఆవిడ వెనక సీట్లోనే కూర్చోవాలి, చిన్నది ఆవిడ పక్కన. ఈసారికి తొక్కే పని ముందు సీట్లో ఉన్న మీ ఇద్దరిదే. మీ పెద్దాడు తొక్కుతానంటే కాళ్లు పెడల్‌కి పూర్తిగా అందాలి, అంది కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. చాలా బోట్లలో రెండు పెడళ్లూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఒకరు ఆపినా రెండోవాళ్లు తొక్కుతున్నంతసేపూ ఆపినవాళ్ల పెడల్ కూడా తిరుగుతూనే ఉంటుంది, పిల్లల పిక్కలకి గట్టిగా తగులుతుంది. చెప్పులు జారకుండా వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. సీట్లు మార్చుకోవడం అన్నది నీళ్ల మధ్యలో అసలే వద్దు. మార్చుకోవాలంటే గట్టుకి రండి.

తొక్కడం మొదలుపెట్టాక నెమ్మదిగానే తొక్కండి. నీటిలో వేగం రెట్టింపు కావాలంటే రెట్టింపు శక్తి చాలదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. పక్క బోటుని దాటాలని అల్లుడుగారు ఊపందుకుంటే నురగ వస్తుంది, అలుపొస్తుంది, బోటు మాత్రం అంతే పోతుంది. పక్కన ఉన్నవాళ్లతో మాట్లాడుతూ ఉంటే ఊపిరి ఆడాలి, అదే మీకు కొలత.

చుక్కాని నీళ్లు కదులుతుంటేనే పనిచేస్తుంది. పెడల్ ఆపేసి హ్యాండిల్ తిప్పితే బోటు మాట వినదు, కొత్తవాళ్లు అక్కడ కంగారు పడతారు. మెల్లగా తొక్కుతూనే తిప్పాలి. వెనక్కి తొక్కుతున్నప్పుడు హ్యాండిల్ ఎదురుగా పనిచేస్తుంది, ఒకసారి రేవు దగ్గరే చేసి చూసుకోండి. బ్రేకులు ఉండవు, ఆపాలంటే వెనక్కి తొక్కడమే. అది కూడా ఎదురుగా ఉన్నది ఏదైనా నాలుగైదు బోట్ల దూరం ఉండగానే మొదలుపెట్టాలి.

లోతు తక్కువ ఉన్నచోట నాచు బోటుని నెట్టే రెక్కల చక్రానికి చుట్టుకుంటుంది. ముందు చప్పుడు మారుతుంది. తప్ తప్ మని వినిపించేది మందంగా, బురదలో కాలు వేసినట్టు అవుతుంది, పెడల్ బరువెక్కుతుంది. అప్పుడు బలం పెట్టి ముందుకి తొక్కితే ఇంకా బిగుసుకుంటుంది. నాలుగు చుట్లు వెనక్కి తొక్కండి. పచ్చటి పోగులు వదులై, జడ విప్పినట్టు ఒకటొకటే నీళ్లలోకి జారిపోతాయి. చెయ్యి పెట్టి లాగాల్సి వస్తే అందరి కాళ్లూ పెడల్ మీద నుంచి తీయించాకే. నీళ్ల మీద పచ్చ రంగు పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే అక్కడ పిల్లల్ని చేతులు ముంచనివ్వొద్దు, కొన్ని రకాల నాచులో విషం ఉంటుంది. రెల్లు పొదల్లోకి కూడా దూరొద్దు. అక్కడ పిట్టల గూళ్లుంటాయి, బోటు దగ్గరికొస్తే తల్లి పిట్ట గుడ్లు వదిలి లేచిపోతుంది.

ఒక గంట బోటు అనుకుంటే ముప్పై ఐదు నిమిషాలు ఎదురుగాలికి పోండి. ఆ తర్వాత బోటు తిప్పి, కాళ్లు పెడల్ మీద నుంచి తీసేయండి. ఇందాకటి నుంచీ చెప్తున్నదంతా ఈ పది నిమిషాల కోసమే. చక్రం చప్పుడు ఆగిపోతుంది. అడుగున నీళ్లు రెండు పక్కలా తట్టే చిన్న చప్పుడు మిగులుతుంది. గాలి తనంతట తాను మిమ్మల్ని రేవు వైపు తెస్తుంటుంది. అప్పుడు అక్కని చెయ్యి ఒకసారి నీళ్లలో పెట్టమను. బలవంతం వద్దు, చిన్నది పెడితే ఆవిడా పెడుతుంది.

రెండు మాటలు భయపెట్టడానికి కాదు గానీ చెప్పాలి. ఎవరైనా నీళ్లలో పడితే మొదట పెడళ్లు ఆపండి, రెక్కలు తగులుతాయి. అందరూ ఆ పక్కకే వంగొద్దు, ఒక్కరు చెయ్యో తువ్వాలో అందించి, పడ్డవాళ్లు బోటు అంచు పట్టుకునేలా చూడండి. ఎవరూ వెనకే దూకొద్దు. లగూన్ అడుగు చాలాచోట్ల బురద, నిలబడదామని కాలు పెడితే కూరుకుపోతుంది. బోటే తిరగబడినా అది తేలుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకునే ఉండాలి, ఒడ్డు దగ్గరే కదా అని ఈదొద్దు. జాకెట్‌కి విజిల్ ఉంటే అది ఎక్కడుందో పెద్దాడికి ముందే చూపించు. ఇక ఉరుము వినిపిస్తే, ఎంత దూరంగా వినిపించినా సరే, దగ్గర్లో ఉన్న ఒడ్డుకి వచ్చేయండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ నీళ్లలోకి వెళ్లొద్దు.

రేవుకి వస్తున్నప్పుడు పిల్లల చేతులు లోపల పెట్టించు. గట్టు దగ్గర పడగానే పట్టుకోవాలని పిల్లలు చెయ్యి చాపుతారు, బోటుకీ గట్టుకీ మధ్య వేళ్లు నలుగుతాయి. పట్టుకునే పని రేవు మనిషిది. దిగేటప్పుడు అక్కే చివర దిగాలి, ఆవిడ దిగేదాకా అల్లుడుగారు లోపలే కూర్చుని బోటుకి బరువుగా ఉండాలి.

ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. అక్క చెయ్యి నీళ్లలో పెట్టిందో లేదో నాకు ముందు అదే చెప్పాలి.

మీ మావయ్య