బొమ్మలో మా చింటూ పోలికే లేదు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పదమూడేళ్లు బిడ్డలా పెంచుకున్న మా లాబ్రడార్ చింటూ చనిపోయాక, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి బెంగళూరు ఆర్టిస్టు ఒకరికి దాని ఆయిల్ పెయింటింగ్ ఆర్డరిచ్చాను. 24×30 అంగుళాలు, రూ.24 వేలు, సగం ముందు, సగం పంపేముందు యూపీఐలో కట్టాను. నిరుడు ఫిబ్రవరిలో వచ్చింది. ఆ కళ్లు మా చింటూవి కావు. చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది. స్కెచ్‌కి ఓకే చెప్పిన మాట నిజమే. మళ్లీ వేసిస్తానని నెలల తరబడి తిప్పి, ఇప్పుడు ఫోనెత్తడం లేదు. ఫ్రేమ్ కట్టే అతనేమో 'ఇది ప్రింటు మీద జెల్ పూసినట్టుందమ్మా' అన్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, తెలియని లావాదేవీ అని చెబితే అతని అకౌంట్ ఆపేస్తారని మా తమ్ముడు అంటున్నాడు. చేయమంటారా?

జవాబు: వద్దు. డబ్బు ఎవరికి, ఎందుకు పంపారో మీకు తెలుసు. తెలియదని ఫిర్యాదు చేస్తే అబద్ధపు సమాచారం ఇచ్చినట్టు మీ మీదే కేసు పడొచ్చు. పైగా రేపు కన్స్యూమర్ కమిషన్‌లో ఆ ఫిర్యాదు కాపీనే అతని లాయరు మీ ముందు పెడతాడు. పోలీసుల దగ్గరికి వెళ్లాలనుకుంటే జరిగింది జరిగినట్టే రాసివ్వండి. అయితే మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువైతేనే అది చీటింగ్ అవుతుంది.

ఇక కళ్ల సంగతి వదిలేయండి. పోలిక చూసేవారి అభిప్రాయం. స్కెచ్‌కి ఓకే అన్నాక అది మరీ బలహీనపడింది. మీ కేసంతా ఫ్రేమ్ అతను అన్న ఆ ఒక్క మాటలో ఉంది. చేత్తో వేసిన ఆయిల్ అని చెప్పి ప్రింటు పంపితే, అది సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి.

మీరు జతచేసిన స్క్రీన్‌షాట్లలో ఆర్టిస్టు క్షమాపణలు తప్ప ఆర్డరు షరతు ఒక్కటీ లేదు. చాట్‌లో 90 రోజులకు మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకుని వేల రూపాయల ఒప్పందం ఎవరైనా కుదుర్చుకుంటారా? అదృష్టం కొద్దీ మెయిల్‌లో వచ్చిన బిల్లు మీద 'హ్యాండ్ పెయింటెడ్ ఆయిల్ ఆన్ కాన్వాస్' అని ఉంది. ఆ మెయిల్ చెరిపేయకండి. యూపీఐ రసీదులు, కొరియర్ డెలివరీ తేదీ తీసిపెట్టండి. మిగిలిన చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి.

బొమ్మను నెయిల్‌పాలిష్ రిమూవర్‌తోనో టర్పెంటైన్‌తోనో రుద్ది చూడకండి. ఒక్క మూల చెడినా 'మీరే పాడుచేశారు' అంటాడు. కొత్త ఫ్రేమ్‌లోకి మార్చొద్దు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చెప్పే అధ్యాపకుడికి చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. 10 రెట్లు పెద్దదిగా చూపే లూప్ (చిన్న భూతద్దం) కింద ఇంకు చుక్కలు కనిపించడం, పైన కుంచెతో పూసిన జెల్ గీతలు ఒక దారి, బొమ్మలో బొచ్చు ఇంకో దారి పోవడం వంటివి ఫొటోలతో సహా అందులో ఉండాలి. అవతలివాళ్లు కాదంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 ప్రకారం లాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగొచ్చు.

అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం కేసు వేయడానికి గడువు రెండేళ్లు. నిరుడు ఫిబ్రవరిలో బొమ్మ చేతికొచ్చింది కాబట్టి, వచ్చే ఫిబ్రవరిలో అదే తేదీలోపు కేసు వేయాలి. అతను 'వచ్చే నెల' అన్న మాటలు నమ్ముకుని గడువు పెరిగిందనుకోకండి, నోటీసు పంపినా పెరగదు. ఈ వారమే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

బెంగళూరు వెళ్లక్కర్లేదు. మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌గానూ దాఖలు చేయొచ్చు. రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. కమిషన్ నోటీసు అందాక అతనికి జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15, అంతే.

కట్టిన 24 వేలు వడ్డీతో, ఖర్చులు, కాస్త పరిహారం అడగండి. చింటూ పేరు చెప్పి 5 లక్షల మనోవేదన రాస్తే, ప్రింటు సంగతి పక్కకుపోయి వాదనంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.